ఎర్ర తుప్పు, నల్ల తుప్పు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి లోకమంతా తలుపులు మూసుకున్న ఏడు, సూరత్‌లోని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఇనుము. దాని తర్వాత మా అమ్మ. మా మనవలకు కరోనా అంటే పాఠంలో వచ్చే ఒక మాట, అంతే. నాకు మాత్రం ఆ మాట వినగానే మూతికి కట్టుకున్న గుడ్డ, ముక్కులోకి ఎక్కే బ్లీచింగ్ ఘాటు, వేళ్ల సందుల్లో ఎంత కడిగినా వదలని ఎర్రటి పొడి గుర్తొస్తాయి. ఆ పొడి మీద నాకు ఈ వయసులో కూడా కోపం పోలేదు.

మాది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్ల కుటుంబం. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచ అంటారు. మా బాపు మీసం రాకముందు నుంచీ ఇంకొకరి సాంచల మీద నేసినవాడు. ఎన్నో ఏళ్లు కడుపు కట్టుకుని, ఆ రోగం రావడానికి కొద్దిగా ముందే నాలుగు పాత సాంచలు కొని, ఒక సందులో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. సొంతం అన్న మాట ఆయన నోట్లో బెల్లం ముక్కలా ఉండేది. సూరత్ శివారు కోసాడ్‌లో ప్రభుత్వం కట్టిన ఇళ్ల వరసల్లో మేముండేవాళ్లం. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు, ఇదివరకు “పనికి పోతున్న” అనేవాడు కాస్తా “మన కార్ఖానకు పోతున్న” అనడం మొదలుపెట్టాడు. మా అమ్మ ఆ మాటకు పైకి విసుక్కునేది, లోపల మురిసిపోయేది.

అసలు గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలంటే నాడె గురించి చెప్పాలి. బట్టలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకుపోయేది నాడె. అందులో దారం అయిపోయి, దారం చుట్టిన కొత్త కండె పెట్టినప్పుడల్లా, నాడె పక్కనున్న చిన్న రంధ్రంలోంచి దారం కొస బయటికి రావాలి. దానికి సూదీ లేదు, కొక్కెమూ లేదు. రంధ్రానికి పెదవులు ఆనించి గట్టిగా పీలుస్తారు, దారం వచ్చి నాలుకకు తగులుతుంది. మా తాతలు అలాగే చేశారు, మా బాపూ అలాగే చేశాడు. పగటి పాళీలో బాపు పీల్చిన నాడెనే రాత్రి పాళీకి పనికి పెట్టుకున్న కారీగరు వచ్చి పీల్చేవాడు. నోటి నుంచి నోటికి రోగం పాకుతుందని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లో, ఆ రాత్రి పాళీ మనిషికి దగ్గు మొదలైంది. అతనికి ఏమీ కాలేదని తర్వాత తెలిసింది కానీ అప్పుడు మా అమ్మ ప్రాణం అమ్మ దగ్గర లేదు.

అంతా బంద్ అని టీవీలో చెప్పగానే ఆమె బకెట్ నిండా చిక్కటి బ్లీచింగ్ నీళ్లు కలుపుకుని కార్ఖానకు వెళ్లింది. మునిసిపాలిటీ వాళ్లు సందుల్లో చల్లుతున్నది కూడా అదే కదా అన్నది ఆమె ధైర్యం. నాడెలు, పిడులు, పెట్టెలు, పన్నెలు, చేయి తగిలే చోటు తగలని చోటు అని చూడకుండా నాలుగు సాంచలనూ తుడిచింది. నీళ్లు కారుతుండగా బాపు వచ్చాడు. అవే ఆరిపోతాయిలే అనుకున్నాడు. షెడ్డు రేకులు కారుతాయని, ఎలుకలు దూరతాయని ఆయన భయం ఆయనది. పెద్ద పెద్ద ప్లాస్టిక్ పట్టాలు తెచ్చి సాంచల మీద కప్పి, కింద దాకా తాళ్లతో బిగించి, ఊరికి పంపే పార్సిల్ మాదిరి కట్టేశాడు. ఎవరి జాగ్రత్త వాళ్లు తీసుకున్నామన్న తృప్తితో ఇద్దరూ ఇంటికి వచ్చారు.

ఆ తర్వాతి రోజులు అందరికీ తెలిసినవే. మా వరసలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. నడిచి పోయినవాళ్లు కొందరు, రైళ్లు వేశాక పోయినవాళ్లు ఇంకొందరు. మా చుట్టాలందరూ ఊరికి పోదాం రమ్మన్నా బాపు కదల్లేదు. సాంచలను విడిచిపెట్టి ఎట్ల వస్తనని అందరికీ అదే జవాబు. తలుపు దగ్గర కూర్చుని, తాను ఎంత పకడ్బందీగా కట్టి వచ్చాడో పదేపదే చెప్పుకునేవాడు. వినీవినీ నాకు విసుగొచ్చేది.

మళ్లీ తెరుచుకోవచ్చు అన్నప్పటికి ఎండలు ముదిరి, గాలి ఉప్పగా, జిగటగా తయారైంది. బడి లేదు కాబట్టి నేనూ వాళ్ల వెంట వెళ్లాను. బాపు తాళ్లు విప్పి పట్టా లాగాడు. దాని లోపలి వైపు చెమటలాగా నీటిచుక్కలు పట్టి ఉన్నాయి. లోపల సాంచ ఎర్రగా ఉంది. రెండోది విప్పాడు, అదీ అంతే. అన్నిటికంటే ఘోరంగా ఉన్నవి పన్నెలు. పన్నె అంటే నిలువు దారాలను వరసలో నిలబెట్టే పొడుగాటి ఉక్కు దువ్వెన. బట్టలోని ప్రతి దారమూ దాని పళ్ల సందుల్లోంచి రాసుకుంటూ పోవాల్సిందే. బాపు వేలితో ఒక పన్నెను ముట్టుకుంటే వేలు కుంకుమ పూసినట్టయింది. ఆయన ఆ వేలిని చాలాసేపు చూసుకుని, మా అమ్మ వైపు తిరిగాడు.

“ఏం జేసినవే నువ్వు?” అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ ఒక్క మాటే రకరకాలుగా వినిపించింది. అన్నంలో ఉప్పు తక్కువైతే, ఉప్పంతా సాంచలకే పూసినవు గదా అనేవాడు. కుళాయిలో నీళ్లు రాకపోతే, నీళ్లన్నీ సాంచలకే పోసినవు అనేవాడు. మా అమ్మ మొదట్లో కళ్లనీళ్లు పెట్టుకునేది, తర్వాత మానేసింది. రోగం వచ్చి మీరు పోతే సాంచలు ఏం చేసుకునేదాన్ని అని ఒక్కసారి అడిగింది. దానికి ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

మాకు నిలువు దారం చుట్టిన బీములు ఇచ్చి బట్ట నేయించుకునే సేఠ్ ఫోన్ చేశాడు. బీములు పంపుతానని, మొదటి బట్ట తానే వచ్చి చూస్తానని, ఒక్క తుప్పు మరక కనబడ్డా బీములు ఎత్తుకుని వేరే కార్ఖానకు ఇచ్చేస్తానని చెప్పాడు. ఆ మరక రంగు మిల్లులో కూడా పోదు, బట్ట మొత్తం పక్కన పడేస్తారు, అతని బాధ అతనిది. బాపు ఫోన్‌లో నవ్వు తెచ్చిపెట్టుకుని, మా ఇంటామె సాంచలను అంట్లగిన్నెల్లాగా కడిగింది సేఠ్ అని హిందీలో చెప్పాడు. అవతల సేఠ్ పెద్దగా నవ్వడం మాకు వినిపించింది. పక్కనే బియ్యం ఏరుతున్న మా అమ్మ తల ఎత్తలేదు. నాకు మాత్రం ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది.

ఆ సేఠ్ పోతే ఆ రోజుల్లో ఇంకో సేఠ్ దొరకడు. పని లేని సాంచలకు షెడ్డు అద్దె కట్టలేం. అంటే సాంచలు భంగార్ బండి ఎక్కుతాయి, బాపు మళ్లీ ఇంకొకరి షెడ్డులో నిలబడతాడు. ఇది ఎవరూ నాకు కూర్చోబెట్టి చెప్పలేదు. సందులో పాత ఇనుము కొనే బండివాడు అరుస్తూ పోయినప్పుడల్లా బాపు చేతిలో పని ఆగిపోయేది, దాన్ని చూసి నాకే అర్థమైంది.

పన్నెలన్నీ ఊడదీసి ముగ్గురం రుద్దడానికి కూర్చున్నాం. కిరోసిన్, గరుకు కాగితం, ఇనుప బ్రష్షు. పళ్ల సందులు చాలా సన్నం, అందులోకి బ్రష్షు పోదు, గుడ్డపేలికను సన్నగా చీల్చి లోపలికి దూర్చి అటూ ఇటూ లాగాలి. పొద్దు వాలేసరికి ఒక పన్నె వెండిలా మెరిసేది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే దాని మీద మళ్లీ నారింజరంగు పొడి. మళ్లీ రుద్దేవాళ్లం, మళ్లీ వచ్చేది. చేసిన పనే చేయడం కంటే, చేసిన పని కళ్ల ముందు చెరిగిపోవడం మనిషిని ఎక్కువగా పిచ్చివాణ్ణి చేస్తుంది. ఒకసారి బాపు చేతిలోని బ్రష్షును షెడ్డు అవతలికి విసిరేశాడు. కాసేపయ్యాక తానే వెళ్లి వెతికి తెచ్చుకున్నాడు, ఉన్నది ఆ ఒక్క బ్రష్షే.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. మా వాళ్లే, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. కెమిస్ట్రీ చదువుకుని హజీరాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ పరీక్షల గదిలో పని చేసేది. కంపెనీ బస్సు ఇంకా తిరగడం లేదు కాబట్టి ఆమె కూడా ఇంట్లోనే చిక్కుకుపోయి, గోళ్లు కొరుక్కుంటూ అందరి మీదా చిటపటలాడేది. మా ఇంటి గోల రోజూ గోడ అవతల నుంచి వింటూనే ఉంది. చివరికి వినలేకనో, ఏమీ తోచకనో మా కార్ఖానకు వచ్చింది.

వచ్చి, ఇది చాలా తేలిక అన్నది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. వెనిగర్ తెప్పించి ఒక పన్నెకు పూయించింది. నిజంగానే ఎర్రపొడి కరిగిపోయి లోపలి ఉక్కు తెల్లగా బయటపడింది. బాపు ముఖం ఎన్నాళ్లకో విప్పారింది. నీళ్లతో కడిగి, తుడిచి, గోడకు ఆనించి, మేం తెచ్చుకున్న రొట్టెలు తినడానికి కూర్చున్నాం. తిని లేచేసరికి పన్నె మళ్లీ ఎర్రబడుతోంది. అదీ మా కళ్ల ముందే, ఇదివరకటి కంటే తొందరగా. అక్క ముఖం కూడా ఎర్రబడింది. బాపు ఆమెను ఏమీ అనలేక మళ్లీ మా అమ్మ మీద పడ్డాడు. ఇదంతా ఈమె చేతి చలవే, ఈమె ఆ బకెట్ ముట్టకపోతే ఈ పాటికి సాంచలు నడుస్తూ ఉండేవని పరాయి పిల్ల ముందే అనేశాడు.

అక్క వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. ఆ పట్టాలు ఎక్కడివి, ఎప్పుడు కప్పారు, అప్పటికి సాంచలు ఆరాయా లేదా అని అడిగింది. బాపు చిరాకుగా జవాబు చెప్పాడు. ఇది మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందో తేలేదాకా నేను దేన్నీ ముట్టను అని చెప్పి, నన్ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆమె కిటికీ గట్టు మీద మేం కొత్త మేకులతో ఒక పరీక్ష పెట్టాం. ఒక మేకును ఊరికే గాలికి వదిలేశాం. ఒకదాన్ని పొడిగా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి బిగించి కట్టాం. ఒకదానికి బ్లీచింగ్ నీళ్లు పూసి గాలికి పెట్టాం. చివరిదానికి బ్లీచింగ్ నీళ్లు పూసి, తడి ఆరకముందే కవర్‌లో చుట్టి కట్టాం. రోజూ చూడటం నా పని. తొందరపడి కవర్లు విప్పితే చెవి మెలిపెడతానని ముందే చెప్పింది. అన్నంత పనీ చేసేదే.

ఎదురుచూసే ఆ రోజుల్లోనే ఆమె నాకు ఇనుము సంగతి చెప్పింది. తుప్పు అంటే బయట నుంచి వచ్చి అంటుకునే మురికి అని నేననుకునేదాన్ని. కాదట. ఇనుమే తుప్పుగా మారుతుందట. గాలిలో మనం పీల్చే ప్రాణవాయువు ఉంటుంది కదా, తడి తోడైతే అది ఇనుముతో కలిసిపోయి కొత్త పదార్థమవుతుంది. మనం రుద్ది పారేస్తున్నది మురికిని కాదు, పన్నెనే రోజూ కొంచెం కొంచెం పారేస్తున్నాం. ఇది విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

“భూమిల ఉన్నప్పుడు ఇనుము ఎట్లుంటదో ఎరుకేనా? ఎర్రమట్టి లెక్కనే ఉంటది,” అన్నది అక్క. “మనమే బట్టీల ఏసి, మస్తు మంట వెట్టి, దాంట్లకెల్లి ఆక్సిజన్ గుంజేసుకుంటం. అందుకే అది జర సందు దొరికితే సాలు, మల్ల ఎర్రమట్టి అయిపోదామని సూస్తది.”

రైళ్ల కోసం మూటలతో కూర్చున్న మా వరస ఇళ్లవాళ్లు నాకు గుర్తొచ్చారు. ఇనుము మీద కోపం కొంచెం తగ్గింది.

మేకులు విప్పే రోజు అక్క మా అమ్మానాన్నలనూ పిలిచింది. గాలికి వదిలేసిన మేకు దాదాపు కొత్తగానే ఉంది. పొడిగా చుట్టి కట్టింది తళతళలాడుతోంది. బ్లీచింగ్ పూసి గాలికి పెట్టినదాని మీద అక్కడక్కడా గోధుమరంగు చుక్కలున్నాయి. బ్లీచింగ్ పూసి తడిగా కట్టిన మేకు మాత్రం కవర్‌కు అతుక్కుపోయి, ఉబ్బి, పొరలు పొరలుగా రాలుతోంది. బ్లీచింగ్ నీళ్లు ఆరినా అందులోని ఉప్పు పోదని, ఆ ఉప్పు గాలిలో తేమను పిలిచి పట్టుకుంటుందని అక్క చెప్పింది. పైన పట్టా బిగించి ఉంటే తడి బయటికి పోయే దారి లేదు. లోపల గాలి ఎలాగూ ఉంది.

“మామా, బ్లీచింగ్ అత్తమ్మది, పట్టా నీది,” అన్నది. “ఒక్కటే అయితే గింత కాకపోవు. రెండు గలిసినయి.”

బాపు ఆ ఉబ్బిన మేకును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఇప్పుడైనా ఏదో ఒకటి అంటాడని నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను. ఆయన మేకును గట్టు మీద పెట్టేసి, మరి ఇప్పుడేం చేయాలని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు ఆమెను అన్నన్ని మాటలన్న మనిషికి ఒక్క మాట తిరిగి తీసుకోవడానికి నోరు రాలేదా అనిపించింది. మా అమ్మ కూడా ఎదురుచూసినట్టే ఉంది. పొయ్యి మీద పప్పు ఉందని వెళ్లిపోయింది.

ఇక చేయాల్సిన పని అక్క చెప్పగానే బాపుకు మతి పోయింది. పన్నెలను నీళ్లల్లో వేసి ఉడకబెట్టాలట. నీళ్లతోనే చెడినదాన్ని మల్ల నీళ్లల్నే ముంచుడా, పిచ్చి లేసిందా అని కేకలేశాడు. అక్క ఓపిక పట్టి వివరించింది. పళ్ల సందుల్లో దాక్కున్న ఉప్పు కిరోసిన్‌లో కరగదు, వేడినీళ్లల్లోనే కరిగి బయటికి వస్తుంది. వెనిగర్ పైపొర తీసింది కానీ ఆ ఉప్పును పూర్తిగా కదిలించలేదు, పైగా ఉక్కును బట్టలు లేకుండా నిలబెట్టింది. కుతకుత మరిగే నీళ్లల్లో కలిసిన గాలి ఉండదు, కాబట్టి అది కొత్త ఎర్ర తుప్పు పుట్టించదు. పైగా ఉన్న ఎర్ర తుప్పును నల్ల తుప్పుగా మారుస్తుంది. రెండూ ఇనుమూ ప్రాణవాయువూ కలిసినవే, కలిసిన పాళ్లే వేరు. ఎర్రది పొరలు పొరలుగా ఊడి, కింది ఇనుముకు గాలి తగలనిస్తుంది. నల్లది గట్టిగా పట్టుకుని, కింది ఇనుమును కప్పి కాపాడుతుంది. హజీరాలో కొలిమిలోంచి వచ్చిన ఉక్కు ఒంటి మీద ఉండే నల్లటి పొర కూడా ఈ జాతిదేనట.

బాపు నమ్మలేదు. అందుకని ముందు ఆ ఉబ్బిన మేకునే ఛాయ్ గిన్నెలో వేసి మరిగించింది. పొయ్యి దగ్గర నలుగురం వంగి చూస్తున్నాం. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఎర్రదనం మెల్లగా గోధుమరంగుకు, గోధుమరంగు మసిరంగుకు దిగింది. బయటికి తీసి చూస్తే మేకు పలకలా నల్లగా ఉంది. మరిగించకముందు రాలిన ఎర్రపొడి దగ్గరికి అయస్కాంతం పెడితే అది పట్టించుకోలేదు. మేకు నుంచి గీకిన నల్లపొడి మాత్రం ఎగిరి అయస్కాంతానికి అతుక్కుని మీసాల్లా నిలబడింది. అక్క ముఖంలో నవ్వు చూడటం నాకు అదే మొదలు.

పన్నెలు పూర్తి ఇనుపవేనా, పళ్లను తారుతో అతికించి కట్టిన పాత రకమా అని అక్క ముందే అడిగింది. తారువైతే వేడికి కట్లు విడిపోయేవి. మావి పూర్తి ఇనుపవి. కానీ మనిషి నడుము దాటిన పొడుగున్న పన్నెను ఉడికించే గిన్నె ఎవరింట్లో ఉంటుంది? బాపు చేతులెత్తేశాడు. అప్పుడు మా అమ్మ బయటికి వెళ్లి, పాలు పోసే గుజరాతీ అతని దగ్గర గేదెలు దాణా తినే పొడుగాటి రేకు తొట్టి అడిగి తెచ్చింది. తెచ్చి, తానే తోమింది. బోరు నీళ్లల్లో కూడా ఉప్పుంటుంది, పనికిరావని అక్క అంటే, ఆ వారంలో మొదటి వాన పడ్డప్పుడు డాబా మీద ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, పళ్లేలు అన్నీ పరిచి వాననీళ్లు పట్టింది. ఆమె తడిసి ముద్దవుతుంటే బాపు మెట్ల మీద నిలబడి చూశాడు. కాసేపటికి తానూ వానలోకి వచ్చి బిందెలు అందుకున్నాడు.

షెడ్డు ముందు ఇటుకలు పేర్చి, చెక్కముక్కలు మండించి, తొట్టిలో నీళ్లు తెర్లించి పన్నెలు ఒక్కొక్కటే ముంచాం. ఒక్కసారితో కాలేదు. నల్లబడ్డాక తీసి, ఊడిపోయే పొడిని బ్రష్షుతో దులిపి, ఇంకా ఎర్రగా కనబడే చోట్లుంటే నీళ్లు మార్చి మళ్లీ ముంచాలి. పొగ కళ్లల్లోకి, ఆవిరి ముఖానికి. అక్కకు చిరాకు, బాపుకు చిరాకు, నాకు ఆకలి. బయటికి తీసిన పన్నె వేడిమీద ఉండగానే తుడిచి నూనె పూయాలి, ఆ తర్వాత నూనె మరక కూడా బట్టకు అంటకుండా పొడిగుడ్డతో లాగాలి. ఆ చివరి పని మా అమ్మది. తెల్లగుడ్డ పెట్టి రుద్ది, గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఏ పన్నెనూ కింద పెట్టలేదు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు నేనే షెడ్డులోకి పరుగెత్తాను. పన్నెలు రాత్రి పెట్టినట్టే నల్లగా ఉన్నాయి. ఆ తర్వాతి రోజూ నల్లగానే ఉన్నాయి. బట్టకు తగలని మిగతా ఇనుముకు నూనె పట్టించి, తగిలే రోలర్లకు కొత్త గుడ్డ చుట్టి, బాపు సాంచ నడిపించాడు. ఆ టకటక మొదలైనప్పుడు ఆయన కళ్లు తుడుచుకున్నాడు. దూది నుసి పడిందన్నాడు.

చెప్పినట్టే సేఠ్ వచ్చాడు. ముక్కుకు మూతికి మాస్కు, చేతులకు తొడుగులు. నేసిన బట్టను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి, మూర మూరకూ జరుపుతూ చూశాడు. మేం ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. మా అమ్మ చేతిలో నూనెగుడ్డ ఉంది. ఒక చోట సేఠ్ ఆగి, తొడుగు తీసి గోటితో గీకాడు. దారం ముడి, అంతే. చివరిదాకా చూసి, ఇంకా బీములు పంపుతానన్నాడు. పోతూ పోతూ, మంచి మాట చెబుతున్నట్టు, ఇకమీదట మీ ఇంటావిడను సాంచల దగ్గరికి రానీయకు, మళ్లీ కడిగిపెడుతుందని హిందీలో నవ్వాడు.

బాపు కూడా నవ్వుతాడని అనుకున్నాను. ఫోన్‌లో నవ్విన నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది.

“దోనోం కా కామ్ హై సేఠ్,” అన్నాడు బాపు. ఇద్దరి పనీ అది, అని. ఆమె తుడిచింది, తడి మీద పట్టా కట్టింది నేను, నేను కట్టకపోతే ఇంత అయ్యేది కాదు, బాగు చేసిందీ ఆమే అని, ఒక్కో మాటా కూడబలుక్కుని, నేల చూస్తూ హిందీలో చెప్పాడు. సేఠ్‌కు ఆ గొడవేమీ పట్టలేదు. తల ఊపి స్కూటరెక్కి వెళ్లిపోయాడు. మా అమ్మ ఆ గుడ్డతో ఇంతకుముందే తుడిచిన పన్నెను మళ్లీ తుడిచింది.

తర్వాత బాపు వైపు చూడకుండానే అన్నది. “గింత మాట అననీకి సేఠ్ రావాల్నా?”

బాపు ఈసారి అరవలేదు.

మా బాపు, అమ్మ ఇప్పుడు లేరు. పక్కింటి అక్క పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది, ఆ తర్వాత కలవలేదు. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లకు పిల్లలు పుట్టారు. ఇన్నేళ్ల సంసారంలో చెడిపోయినవి చాలానే ఉన్నాయి. ఒకసారి వ్యాపారం, ఒకసారి చెల్లెలితో మాటలు, ఒకసారి కొడుకు చదువు. ప్రతిసారీ “ఇదంతా నీ వల్లే” అన్న మాట నా నోటి చివరికి వస్తుంది. నేను మా బాపు కూతుర్ని, అనేస్తాను కూడా. అన్నాక మాత్రం కూర్చోలేను. ఆ తడి మీద నేను కప్పిన పట్టా ఏదో వెతుక్కుంటూ పోతాను. దొరకకూడదని గట్టిగా కోరుకుంటూనే వెతుకుతాను. ఒక్కసారి కూడా దొరకకుండా పోలేదు, ఆ సంగతి నాకు ఇప్పటికీ మహా చిరాకు. దొరికాక లేచి వెళ్లి, ఈ పట్టా నాదేనని చెప్పేస్తాను, బయటివాళ్లు వచ్చేదాకా ఆగను.